గమ్మునుండే ఇల్లు

మే నెల, ఆదివారం. రాత్రి పదకొండున్నర.

పొద్దున ఆరూ నలభైకి గేటు గొళ్లెం చప్పుడైంది. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. వేరే ఎవరు తీసినా ఠంగుమంటుంది. మాయన వేలు అడ్డం పెట్టి తీస్తాడు కాబట్టి టిక్కుమని ఊరుకుంటుంది. ఆయనది హైదరాబాదు బస్సు. రాత్రి అక్కడ బయలుదేరితే కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు నాలుగు వందల కిలోమీటర్లు పైబడి తోలుకొచ్చి, ఊరంతా పళ్ళు తోముకునే వేళకు ఇల్లు చేరతాడు. మేం కాఫీ తాగే వేళ ఆయనకు అర్ధరాత్రి.

ఆరేళ్ళ కిందట నైట్ సర్వీసు పడింది. అప్పటినుంచి మా ఇంట్లో రోజు తిప్పి కుట్టిన రవికె మాదిరి ఉంది. మొదట్లో నేను చేసిందంతా తప్పే. ఆయన పండుకున్నాడంటే ఇంట్లో చీమ కూడా నడవగూడదన్నట్టు ఉండేదాన్ని. పిల్లలను పక్కింటికి తరిమేదాన్ని. మిక్సీ లేదు, కుక్కరు లేదు, టీవీ లేదు. మా అత్త దగ్గితే ఆమె వైపు ఒక చూపు చూసేదాన్ని, పాపం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అంత చేసినా మాయన పదిన్నరకే లేచి మంచం మీద కూర్చునేవాడు. కళ్ళు ఎర్రగా, మొగం ఉబ్బి.

“ఏం మామా, ఏం చప్పుడైంది?” అంటే, “ఏం కాలే. మీరు గుసగుసలాడుకుంటాంటే ఏందో అయిందనుకున్నా” అన్నాడు ఒకరోజు.

అది విని నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. నిజమే గదా. పక్కన మామూలుగా మాట్లాడుకుంటే అది మాట, గుసగుసలాడితే అది సంగతి. చెవి దానంతట అదే అటు సాగుతుంది. మా అత్త గుసగుస అయితే మరీనూ, నాలుగిళ్ళ అవతలకు వినపడుతుంది.

ఆయన పండుకునే గది గురించి రాసి పెట్టుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. మా ఇల్లు పెద్దది కాదు. రోడ్డు వైపు పడసాల, నడిమి గది, పక్కన వంటిల్లు, వెనక నాలుగడుగుల సందు. కింద నల్లబండలు. ఎక్కడెక్కడి ఊర్ల వాళ్ళో వంటగట్టుకు కడప బండ కావాలని తెప్పించుకుంటారు, కడపలో కొత్త ఇల్లు కట్టేవాళ్ళేమో టైల్స్ కావాలంటారు. మా మామ ఇల్లు కట్టినప్పుడు ఎర్రగుంట్ల నుంచి లారీలో బండలు తెప్పించినాడంట. పొద్దున తడిబట్టతో తుడిస్తే మధ్యాన్నం దాకా అరికాలికి చల్లగా తగులుతాయి. గీతలు పడినాయి, అంచులు చెదిరినాయి, అయినా మార్చేది లేదు.

కింద చల్లగుంటే చాలదు, నెత్తిన ఉండేది పెనం. సిమెంటు స్లాబు పగలంతా ఎండ తాగి సాయంత్రం మన మీదికి వదుల్తుంది. అయితే పొద్దుటి నిద్రకు ఒక సంగతి కలిసొచ్చింది. ఎండ పైన ఎంత పడినా స్లాబు దాటి కిందికి దిగేసరికి మధ్యాన్నం దాటుతుంది. ఈలోపల ఆయన నిద్ర అయిపోవాల. పోయిన నెల నేను, మా పాప కలిసి మిద్దె పైన సున్నంలో జిగురు కలిపి రెండు మార్లు పూసినాం. తెల్లగా మెరిసి కళ్ళు గుంజుతాయి గానీ, ఆ ఎండంతా వచ్చిన దారినే పోతుంది. సాయంత్రం గోడకు చెయ్యి ఆనిస్తే తేడా తెలుస్తుంది.

మా అత్తకు ఇవేవీ ఆనవు. ఆమె పుట్టిల్లు వేంపల్లె పక్క పల్లెలో మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటిమీద కట్టెలు పరచి జానెడు మట్టి, ఆ పైన చౌడు. నడుమ వెలుతురుకు గవాచి. “ఆ మిద్దె కింద మే నెలలో దుప్పటి కప్పుకుంటాంటిమి” అంటుంది. దుప్పటి సంగతి నేను నమ్మను. “తేళ్ళు కూడా పడతాండె కదత్తా?” అన్నా ఒకసారి. “పడతాండె. అవి మాత్రం యాడికి పోతాయి, చల్లదనానికే వస్తాండె” అనింది.

ఇక కూలరు. దీనితో ఉండే పేచీ చాలామందికి తెలియదు. ఏసీ మాదిరి తలుపులన్నీ బిగించి కూలరు వేస్తే అరగంటలో గది ఇడ్లీ పాత్ర అవుతుంది. బయటి పొడిగాలి తడిసిన గడ్డిలోంచి పోయి చల్లబడి లోపలికి రావాల, లోపలికి వచ్చింది ఇంకో దారిన బయటికి పోవాల. కడప ఎండ పొడి ఎండ కాబట్టి మాకు పనిచేస్తుంది. నెల్లూరులో మా చెల్లెలు కూలరు కొని, ఒళ్ళంతా జిగటగా ఉందని పదిరోజులకే అటకెక్కించింది. అక్కడ గాలిలోనే తడి ఉంటే నీళ్ళు ఇంకేం ఆరతాయి, గాలి ఇంకేం చల్లబడుతుంది?

అంటే గాలి రావడానికో సందు, పోవడానికో సందు ఉండాల్సిందే. సందు ఉంటే వెలుతురు వస్తుంది. వెలుతురు తగిలితే ఆయన నిద్ర పోతుంది. డ్రైవర్లకు కంటి పరీక్ష పెట్టినప్పుడు డాక్టరమ్మ చెప్పిందంట: కంటికి వెలుతురు తగిలితే ఒళ్ళు తెల్లారిందనుకుంటుంది, నిద్ర తెచ్చే మెలటోనిన్ తగ్గిపోతుంది, డ్యూటీ దిగి ఇంటికి పోయేటప్పుడే నల్లద్దాలు పెట్టుకోమని. అప్పటినుంచి మాయన పొద్దున్నే నల్లద్దాలతో వీధిలోకి వస్తాడు. వీధిలో కొందరు తాగొచ్చినాడని అనుకున్నారు, అది వేరే కథ.

కడాకు మేం చేసింది ఇదీ. వెనక సందు వైపు కిటికీకి కూలరు పెట్టి, దాని చుట్టూ మిగిలిన ఖాళీలను అట్టపెట్టె కోసి మూసినాం. అట్ట మీద నా పాత నల్ల లంగా రెండుగా విప్పి పరద కుట్టినా. గాలి పోయేదానికి పడసాల తలుపు బెత్తెడు తెరిచి ఉంచి, కొట్టుకోకుండా కింద ఒక పాత చెప్పు దోపినాం. ఆ బెత్తెడు సందులోంచి వెలుతురు గోడమీద ఒక గీత మాదిరి పడుతుంది. మంచం తల ఆ గీత పడని పక్కకు తిప్పినాం. ఆ సందులోంచే ఇంట్లో చప్పుళ్ళన్నీ లోపలికి పోతాయి, దానికి మాత్రం అట్ట అడ్డం పెట్టేదానికి లేదు.

ఈరోజు పొద్దున ఉగ్గాని చేసినా. బొరుగులు నీళ్ళలో నానేసి పిండి, తిరగమాతలో కలిపి, పప్పుల పొడి చల్లడమే. నాకు తెలిసి ఇంత గమ్మున అయ్యే టిఫిను ఇంకోటి లేదు. మాయన స్నానం చేసి కొంచెమే తిన్నాడు. నిండా తింటే పండుకోలేడు. కాఫీ అడిగినాడు, మజ్జిగ ఇచ్చినా. రోజూ అడుగుతాడు, రోజూ మజ్జిగే ఇస్తా. ఎనిమిదికల్లా గదిలోకి పోయినాడు.

తొమ్మిదింటికి ఎర్రగడ్డల ఆటో మైకు పెట్టుకుని వచ్చింది. లోపలినుంచి గురక ఆగలేదు. పక్కింటి ఆపా కుట్టు మిషను మొదలుపెట్టింది. మొదట్లో ఆమె కూడా పాపం మధ్యాన్నం దాకా మిషను ముట్టుకునేది కాదు, బేరాలు పోగొట్టుకునేది. ఆ చప్పుడుకు ఆయన లేవడని తెలిసినాక నేనే పోయి చెప్పినా, కుట్టుకో ఆపా, నువ్వు కుడితేనే మాకు మంచిదని. ఎప్పుడూ ఉండే చప్పుడు ఆయనను ఏమీ చేయదు. ఉన్నట్టుండి వచ్చేదే లేపుతుంది. కాలింగ్ బెల్లు తీగ అందుకే పీకేసినాం. గిన్నెల స్టాండు కింద పాత తువ్వాలు పరిచినాం. కుక్కరు విజిల్ మాత్రం సాయంత్రానికే.

పదింటికి చిన్నోడు స్టీలు గ్లాసు పడేసినాడు. నల్లబండ మీద స్టీలు గ్లాసు పడితే ఒక్కసారి మోగి ఊరుకోదు, దొర్లుకుంటా పోయి, గోడకు తగిలి, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఇంటిల్లిపాదీ బొమ్మల మాదిరి నిలబడిపోయినాం. లోపల ఆయన అటు తిరిగి పండుకున్నట్టు మంచం కిర్రుమనింది, అంతే. నేను చిన్నోడి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి పళ్ళ సందునుంచి తిట్టినా. మా పాప ఎనిమిది పాసైంది ఈ ఏడు, దానికి నోరు ఎక్కువ. “నువ్వు అట్ల పళ్ళు కొరుక్కుంటా మాట్లాడొద్దుమా, నాయనకు గ్లాసుకంటే అదే ఇనపడతాది” అనింది. దానికి ఏం చెప్పాలో తెలియక చిన్నోడికి ఒక బెల్లం ముక్క ఇచ్చినా.

పదకొండూ నలభైకి కరెంటు పోయింది.

కూలరు చప్పుడు మెల్లగా దిగిపోయి ఆగిపోయింది. పక్కింటి మిషనుకు మోటారు ఉంది, అదీ ఆగిపోయింది. నెత్తిన ఫ్యాను రెక్కలు నాలుగు సుట్లు తిరిగి నిలబడినాయి. ఇల్లంతా బాయిలో దించినట్టయింది. చీమ నడిస్తే వినపడేంత గమ్ము, నేను ఆరేళ్ళ కిందట ఎంత కష్టపడినా తేలేకపోయిన గమ్ము. లోపలినుంచి మాయన గొంతు: “ఏమైంది?”

అప్పటికే లేచి కూర్చున్నాడు. ఎర్రగడ్డల మైకుకు లేవని మనిషి ఏమీ వినపడకపోయేసరికి లేచినాడు. బండి తోలేటప్పుడు ఇంజను చప్పుడు మారితే ముందు తెలిసేది ఆయనకే, ఇంట్లో మాత్రం ఆ చెవి ఎక్కడికి పోతుంది.

“ఏం కాలేదు నాయనా, కరెంటు పాయ. పండుకో” అనింది మా అత్త. అని, పోయిన వారం వాళ్ళ తమ్ముడు పంపిన చెనిక్కాయల సంచి ఈడ్చుకొచ్చి, ఆ బెత్తెడు సందు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని, చేటలో పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది. టప్పు, గింజలు చేటలో రాలిన చప్పుడు, పొట్టు పక్కకు వేసిన చప్పుడు, మళ్ళీ టప్పు. పిల్లలను గూడా కూర్చోబెట్టింది. వాళ్ళకు చెనిక్కాయలు ఒలవడం కంటే తినడం ఎక్కువ, అయినా చప్పుడు చప్పుడే. ఆమె మామూలు గొంతుతోనే మాట్లాడింది. వాళ్ళ ఊర్లో ఎవరి గేదె ఈనిందో, ఎవరి కోడలు అలిగి పోయిందో, మధ్యలో చిన్నోడిని తినొద్దని తిట్టుడు. నేను తువ్వాలు తడిపి తలుపు రెక్కకు ఆరేసి, విసనకర్ర తీసుకుని ఆ సందులోంచి లోపలికి విసిరినా. కాసేపు నేను, కాసేపు పాప.

పది నిమిషాలకు గురక మొదలైంది.

కరెంటు ఒంటిగంటకు వచ్చింది. కూలరు తిరిగింది. మేం లేచినాం గానీ మా అత్త లేవలేదు. “మధ్యలో ఆపితే మళ్ళా లేస్తాడేమో” అని ఒలుస్తానే ఉంది. సంచి సగం అయిపోయింది. రెండూ పదికి ఆయన తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి పడసాలలో మోకాలెత్తు పొట్టు.

“వాన పడతాన్నట్టు కల వచ్చిందిమా, తాటాకుల మీద” అన్నాడు.

“వానేందిరా, చెనిక్కాయలు” అనింది ఆమె.

ఒకటి రాసుకోవాల, ఎవరితోనూ చెప్పేది కాదు. ఇంత చేసి గది చల్లగా పెట్టేది నేను, అందులో పండుకునేది నేను కాదు. ఆయన లేచేసరికి స్లాబు వేడి దిగుతుంది. అందుకని రెండున్నర నుంచి మూడున్నర దాకా పడసాల బండల మీద కొంగు పరుచుకుని వాలుతా. చెంప కింద బండ చల్లగా, నున్నగా ఉంటుంది. ఈరోజు పొట్టు ఊడ్చకుండానే వాలిపోయినా. ఆయనే ఊడ్చినట్టున్నాడు, లేచేసరికి శుభ్రంగా ఉంది. ఊడ్చేటప్పుడు నాకు మెలకువ రాలేదు.

సాయంత్రం ఒలిచిన గింజలతో ఊరిబిండి, సంగటి. రెండు కుక్కరు విజిళ్ళు గూడా వేయించినా, పప్పుకు. మా ఇంట్లో విజిల్ పడితే పండగ.

రేపు రాత్రికి గానీ ఆయనకు డ్యూటీ లేదు. అంటే ఈ రాత్రి నిద్ర రాదు. పిల్లలూ అత్తా పండుకున్నారు. నేను వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నా. ఇందాక ఆయన లేచినాడు. లైటు వేయలేదు. గోడ పట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, ఒక్కో అడుగు లెక్కబెట్టినట్టు వేసుకుంటా వెనక తలుపు దాకా వచ్చినాడు. గొళ్లేనికి వేలు అడ్డం పెట్టి తీసినాడు. పడసాలలో మా అత్త టక్కున లేచి కూర్చుని, “ఎవరది? ఏమైంది?” అనింది.

“మామూలుగా నడువు మామా” అన్నా నేను, మామూలు గొంతుతోనే.

మెట్ల మీద ఇప్పుడు చెప్పుల చప్పుడు వినపడుతుంది. జేబులో చెనిక్కాయలు పోసుకుని పోయినట్టున్నాడు.