అక్టోబరు 21, పోలీస్ స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ టేబుల్ దగ్గర

ఇవాళ పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. పొద్దున్నే పరేడ్ గ్రౌండ్‌లో ఉన్నాం. 1959లో ఇదే రోజు లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. అప్పట్లో ఆ సరిహద్దు కాసింది పోలీసులేనంటే మా అబ్బాయి ఇప్పటికీ నమ్మడు. ఇప్పుడక్కడ కాపలా కాసే ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం (ఐటీబీపీ) పుట్టిందే 1962లో అని చెప్పినా అనుమానంగానే చూస్తాడు. ఈ ఏడాది చనిపోయినవాళ్ల పేర్లు చదువుతుంటే ఎక్కువగా వినపడింది కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్ అనే మాటలే.

అక్కణ్నుంచి నేరుగా స్టేషన్‌కి. నేను వచ్చేసరికే ఓ పెద్దాయన ప్రోనోటు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. తెలిసినవాడికి వడ్డీకిచ్చాడట, వాడు ఫోన్ ఎత్తట్లేదట. "వాణ్ని పిలిపించి రెండు తగిలిస్తే ఇచ్చేస్తాడు కదమ్మా" అన్నాడు. బాకీ వసూలు చేయడం మా పని కాదు, అది సివిల్ తగాదా, కోర్టులో దావా వేయాలి అని చెప్పాను. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి, మీకింకా గడువుంది, ఇవాళే లాయర్ని కలవండి అన్నాను. అంతా విని, "వాడు మీకు ముందే చెప్పి పెట్టినట్టున్నాడు" అంటూ లేచాడు.

ఆయన వెళ్లాక పోయినవారం కొట్లాట కేసులో ఫిర్యాదిదారు బావమరిది వచ్చాడు. ముద్దాయి ఊళ్లో దర్జాగా తిరుగుతున్నాడని కోపం. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో నిజంగా అవసరమైతేనే అరెస్టు చేయాలి, ఎందుకు చేశామో రాసిపెట్టాలి. 2014లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన మాట ఇది. అరెస్టు అవసరం లేకపోతే విచారణకి రమ్మని అప్పట్లో పాత సీఆర్పీసీ చట్టం కింద 41ఏ నోటీసు ఇచ్చేవాళ్లం, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 35(3) నోటీసు ఇస్తున్నాం. పుస్తకం తెరిచి చూపించాను. అతను పుస్తకం వైపు చూడనేలేదు. "ఎంత ముట్టిందండీ?" అని అందరి ముందూ అడిగాడు. కోపం వచ్చింది. కానీ తీసుకునేవాళ్లు మాలో లేరని నేను ఒట్టేసి చెప్పలేను కదా. వాళ్లు తింటారు, ఆ మాట పడేది కౌంటర్లో కూర్చున్నవాళ్లు.

అయితే అపార్థాలన్నీ ఆ లంచాల వల్లే పుడతాయని నేననుకోను. ఇలాంటి సంగతి ఒకరికి అర్థమయ్యేలా చెప్పాలంటే కనీసం పావుగంట పడుతుంది. వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, ఫోన్ మోగుతుంటుంది. నేను కోర్టు కాగితాలతో లోపలికెళ్తే కౌంటర్లో కూర్చునేది ఎవరు? రాత్రంతా బందోబస్తు చేసి ఇంటికి కూడా వెళ్లకుండా ఉన్న కుర్ర కానిస్టేబుల్. ఇవాళ ఇంకో ప్రోనోటాయనకి అతను చెప్పింది రెండే మాటలు: "కోర్టుకెళ్లు, పో." చట్టప్రకారం చూస్తే అందులో తప్పు లేదు. కానీ ఆ మనిషి ఇంటికి పట్టుకెళ్లేది 'కోర్టు' అన్న మాటని కాదు, 'పో' అన్న మాటని. రేపు ఊరంతా చెప్పుకునేదీ అదే. నిద్ర లేని మనిషి మర్యాదగా మాట్లాడాలంటే ఎంత కష్టమో ఆ ఊరికెలా తెలుస్తుంది?

మధ్యాహ్నం హైవే మీద యాక్సిడెంట్. ఒకరు పోయారు. శవ పంచనామాకి ఎస్సై గారితో వెళ్లాను. పోస్టుమార్టం అయ్యేదాకా మార్చురీ దగ్గర మావాళ్లు ఒకరు ఉండాలి. ఆ కుర్రాణ్నే పెట్టి వచ్చాం.

పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అని 1861 పోలీసు చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకి వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు ఇంట్లో స్వీట్లు పంచుకున్నాం. మా డ్యూటీ చార్టులో నా పేరు ఎదురుగా ఇప్పటికీ బుధవారం అనే ఉంది. పండగలు, వీఐపీ పర్యటనలు, ఎన్నికలు లేని బుధవారాల్లో దొరుకుతుంది కూడా! మా అత్తగారు ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా పంతులుగారి కంటే ముందు నన్నడుగుతారు, ఆ రోజు బందోబస్తు ఏమైనా ఉందా అని.

సాయంత్రం ఎస్సై గారిని కదిపాను. "పొద్దుటిపూట కౌంటర్లో నైట్ డ్యూటీ చేయని మనిషిని పెడదాం సార్. సగం గొడవలు తగ్గుతాయి" అన్నాను. ఆయన చార్టు నా ముందుకి తోశారు. "మంచిదే మేడమ్. ఎవర్ని పెట్టాలో మీరే చూపించండి."

చూశాను. ఒకరు కోర్టు డ్యూటీ, ఒకరు సమన్లు, ఇద్దరు గుడి దగ్గర బందోబస్తు, ఒకరు ఖైదీ ఎస్కార్ట్, ఒకరు సెంట్రీ, ఒకరు మెడికల్ లీవ్. మార్చురీ దగ్గరున్న కుర్రాడి పేరే మిగిలింది. అదే రాసిచ్చాను.