చిన్న మెమరీ కంపెనీల షేర్లు: చిప్ కంటే ముందు నగదు లెక్క

కంప్యూటర్లు, ఫోన్లలో వాడే ప్రధాన మెమరీ చిప్ డీర్యామ్. దాని మార్కెట్‌లో సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లదే. ధరలు పడితే వాళ్లకే ఊపిరాడదు. 2023 ఆర్థిక సంవత్సరంలో మైక్రాన్ నికర నష్టం 583 కోట్ల డాలర్లు. ఒకప్పుడు మూడో స్థానంలో ఉన్న జపాన్ ఎల్పిడా 2012లో దివాలా పిటిషన్ వేసి, మరుసటి ఏడాది మైక్రాన్ చేతికి వెళ్లింది. అందుకే చిన్న కంపెనీలు ఆ పోటీకి దూరంగా కొత్త రకాల మెమరీని ఎంచుకుంటాయి: ఎవర్‌స్పిన్‌ది ఎంర్యామ్ (అయస్కాంత స్థితితో డేటా దాచేది), వీబిట్ నానోది రీర్యామ్ (విద్యుత్ నిరోధంలో మార్పుతో దాచేది).

కొత్త చిప్ పనిచేస్తుందా అని అందరూ అడుగుతారు. పనిచేసినా గిట్టుబాటు కాకపోవచ్చు. ఇంటెల్ తెచ్చిన కొత్త రకం మెమరీ ఆప్టేన్ చక్కగా పనిచేసింది. అయినా 2022లో ఆ వ్యాపారాన్ని మూసేస్తూ 55.9 కోట్ల డాలర్ల సరుకు విలువను నష్టంగా రాసుకోవాల్సి వచ్చింది. ఇంటెల్ కాబట్టి తట్టుకుంది.

కాబట్టి త్రైమాసిక ఫలితాల్లో ముందు చూడాల్సింది లాభనష్టాల పట్టిక కాదు, క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల పట్టిక). చేతిలోని నగదును, మూడు నెలల్లో నిర్వహణకూ యంత్రాలకూ కలిపి బయటికి పోయిన నగదుతో భాగించండి. ఉదాహరణకు 2 కోట్ల డాలర్లు ఉండి, త్రైమాసికానికి 30 లక్షలు కరుగుతుంటే ఇరవై నెలలే ఆయుష్షు. వాహనాల్లో వాడే చిప్ పరీక్షలు దాటి ఆర్డర్లుగా మారడానికే అంతకంటే ఎక్కువ కాలం పట్టొచ్చు. 'డిజైన్ విన్' (కస్టమర్ తన ఉత్పత్తి డిజైన్‌లో ఈ చిప్‌ను ఎంచుకోవడం) అంటూ వచ్చే ప్రకటన ఆదాయం కాదు. కస్టమర్ తన ఉత్పత్తిని భారీగా తయారుచేస్తేనే డబ్బు వస్తుంది.

ఆయుష్షు ఏడాదికి తగ్గితే కొత్త షేర్ల జారీ దాదాపు ఖాయమనుకోండి. 2 కోట్ల షేర్లున్న కంపెనీ మరో 50 లక్షలు అమ్మితే, మీ దగ్గరున్నది 1 శాతం వాటా అయితే 0.8కి దిగుతుంది. షేరు ధర ఎగిసిన రోజే ఇలాంటి అమ్మకం జరగడం మామూలే. వారెంట్లు, ఉద్యోగుల ఆప్షన్లు (ముందే నిర్ణయించిన ధరకు కొత్త షేర్లు తీసుకునే హక్కులు) కూడా కలిపి లెక్కేయండి.

ఇవీ చూడండి: అమ్ముడుకాని సరుకు నిల్వ (ఇన్వెంటరీ), అమ్మకాల కంటే వేగంగా పెరుగుతోందా? వేఫర్లన్నీ (చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలకలు) ఒకే ఫౌండ్రీ (ఇతరులకు చిప్‌లు తయారుచేసిచ్చే ఫ్యాక్టరీ) నుంచి వస్తున్నాయా? తైవాన్ ఫౌండ్రీ టీఎస్‌ఎంసీ తానే ఎంర్యామ్, రీర్యామ్‌లను కస్టమర్లకు అందిస్తోంది. కాబట్టి చిప్‌లోపల పెట్టే మెమరీలో ఫౌండ్రీయే ప్రత్యర్థి కావచ్చు. పేటెంట్ కేసుల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు మెమరీ మాడ్యూళ్ల కంపెనీ నెట్‌లిస్ట్‌ను గమనించండి. 2023 ఏప్రిల్‌లో దాని పేటెంట్ కేసులో టెక్సాస్ జ్యూరీ శాంసంగ్‌పై 30.3 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. కానీ పేటెంట్ల చెల్లుబాటుపై వేరే పోరు, అప్పీళ్లు ఉంటాయి. జ్యూరీ చెప్పిన అంకెను కంపెనీ ఖాతాలో నగదుగా లెక్కేయకూడదు.

మంచి ముగింపూ ఉంటుంది. 2015లో 5 డాలర్లకు ఐపీఓ చేసిన చిన్న మెమరీ కంపెనీ అడెస్టోను 2020లో డయలాగ్ సెమీకండక్టర్ షేరుకు 12.55 డాలర్లిచ్చి కొంది. అలాంటి కొనుగోలు దాకా కంపెనీ నిలవాలంటే మళ్లీ ఆ నగదు లెక్కే.

మన దేశం నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద డబ్బు పంపి కొంటే, ఆ షేర్లను ఆదాయపన్ను రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) చూపడం తప్పనిసరి. ఈ షేర్లలో లావాదేవీలు పలుచగా ఉంటాయి కాబట్టి దొరికిన ధరకు కొనే మార్కెట్ ఆర్డర్ వద్దు, మీరే ధర నిర్ణయించే లిమిట్ ఆర్డరే పెట్టండి.