పీపా కోసే ముందే పట్టీలు బిగించాలి

పరాయి దేశంలో తోట పనికి చేరినవాడికి మొదట దొరికేది మోత పనే. మట్టి బస్తాలు, ఇటుకలు, కుండీలు. చేతి మీద గురి కుదిరాకే పనిముట్టు చేతికిస్తారు. నాకు డ్రిల్లు ఇచ్చి అప్పగించిన పని, పాత చెక్క పీపాల్ని మొక్కల తొట్లుగా మార్చడం. భాష ఇంకా పట్టుబడని రోజులవి. మేస్త్రీ చేసి చూపేవాడు, నేను చూసి చేసేవాణ్ణి. మాటలు రాని లోటు ఈ పనిలో నాకు పెద్దగా తెలియలేదు.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా విస్కీ పీపాలు. బర్బన్ అనే అమెరికా విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రల్లోనే నిలవ చేయాలని అమెరికా చట్టం. అంటే ఒకసారి వాడిన పీపా మళ్లీ దానికి పనికిరాదు. వేరే మద్యాల వాళ్లు కొన్నాళ్లు వాడుకుంటారు, ఆఖరికి తోటల్లోకి వస్తాయి. ఒక్కోదాంట్లో సుమారు 200 లీటర్లు పడుతుంది. నడుం దగ్గర అడ్డంగా కోస్తే రెండు తొట్లు.

కోయడం తేలికే. అసలు పనితనమంతా అంతకుముందే ఉంది. పీపా పలకల మధ్య మేకుల్లేవు, జిగురు లేదు. లోపలి తడికి చెక్క ఉబ్బుతుంది, బయట ఇనుప పట్టీలు దాన్ని నొక్కి పట్టుకుంటాయి. ఆ రెండింటి బిగువు మీదే మొత్తం నిలబడి ఉంటుంది. ఖాళీ పీపాను ఎండలో వదిలేస్తే పలకలు కుంచించుకుపోయి పట్టీలు జారతాయి. అలా ఎండినదాన్ని కోస్తే మిగిలేది తొట్టి కాదు, కట్టెల మోపు. అందుకే ముందు బాగా తడిపి, చెక్క బిగుసుకున్నాక ప్రతి పట్టీనీ ప్రతి పలకకీ స్క్రూతో పట్టిస్తాను. ఇనుములో మొదట చిన్న బెజ్జం వేయాలి, లేకపోతే స్క్రూ దిగదు. పలక మందం సుమారు 25 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి స్క్రూ 20 దాటకూడదు, మొన లోపలికి పొడుచుకు రాకూడదు.

ఈమధ్య పనిలో చేరిన మన తెలుగు కుర్రాడు అడిగాడు: "అన్నా, పట్టీ గట్టిగానే ఉంది కదా, ఇన్ని స్క్రూలు దేనికి?" షెడ్డు వెనక ఎండిపోయి ఉన్న పీపా దగ్గరికి తీసుకెళ్లి, "దాని పట్టీ మీద సుత్తితో ఓసారి కొట్టు తమ్ముడూ" అన్నాను. కొట్టాడు. పట్టీ జర్రున కిందికి జారింది. ఆ తర్వాత స్క్రూల సంగతి మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

బిరడా రంధ్రం పీపా నడుం మీదే ఉంటుంది. రంపం దాని మీదుగానే వెళ్తుంది కాబట్టి రెండు తొట్ల అంచుల్లోనూ అర్ధచంద్రంలా ఒక గాటు పడుతుంది. ఆ వైపును గోడకు తిప్పి పెడతాం. కోస్తుంటే వెనిలా వాసన వస్తుంది, చేతులు మసిబారతాయి. లోపలి కాలిన పొరను గీకేయొద్దు, ఊడే బొగ్గును మాత్రం బ్రష్‌తో దులిపితే చాలు.

అడుగున వేలు దూరేంత రంధ్రాలు ఆరేడు వేయాలి. పైన కంకర పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి సన్న మట్టిలోని నీరు గరుకు కంకరలోకి తేలిగ్గా దిగదు, కంకర పైనే ఆగుతుంది. ఆ తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రాల మీద జాలీ ముక్క వేసి నేరుగా మట్టి నింపడమే మంచిది. మామూలు నేల మట్టి గట్టిపడుతుంది, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్టు కలిపిన తేలిక మిశ్రమం వాడండి. పీపాలో అంతకుముందు ఏముండేదో తెలియకపోతే అందులో తినే మొక్కలు వద్దు.

నింపాక ఇద్దరు మనుషులు కూడా కదపలేరు. కాబట్టి ఉంచే చోట ముందే ఇటుకలు పెట్టి, వాటి మీద ఖాళీ తొట్టిని కూర్చోబెట్టాలి. కింద గాలి ఆడకపోతే చెక్క మొదట పుచ్చేది అడుగునే. బయటి వైపు చెక్కకు అవిసె నూనె, పట్టీలకు తుప్పు గీకి ప్రైమర్ పూస్తే ఇంకొన్నేళ్లు వస్తుంది. మొక్కలు తీసేసిన కాలంలోనూ మట్టిని అందులోనే ఉంచి అప్పుడప్పుడూ తడుపుతూ ఉండాలి.