నా పీహెచ్‌డీ కంప్యూటర్ సైన్సేనని ఒప్పించడానికి పడ్డ పాట్లు

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హుల జాబితాలో నిన్న సాయంత్రం నా పేరు కనిపించింది. ఇన్ని రోజుల తర్వాత రాత్రి హాయిగా నిద్రపోయాను. నాలాంటి సబ్జెక్టులో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

మాది హనుమకొండ. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ తర్వాత ఆగ్మెంటెడ్ రియాలిటీలో పీహెచ్‌డీ చేశాను. కంప్యూటర్ గీసిన బొమ్మను నిజమైన చోట కదలకుండా నిలబెట్టడం మా పని. నిజ ప్రపంచం ఒక కొసన, పూర్తి కల్పిత ప్రపంచం మరో కొసన ఉంటే మధ్యలో ఏమేం వస్తాయో మిల్‌గ్రామ్, కిషినో అనే పరిశోధకులు 1994లోనే గీత గీసి చూపించారు. నేను ఎంచుకున్న చోటు వరంగల్ కోట. 1323లో కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కాక స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు మాత్రం మిగిలాయి. వాటి మధ్య నిలబడి ఫోన్ పైకెత్తితే గుడి నమూనా అక్కడే కనబడాలి.

జీపీఎస్ కొన్ని మీటర్లు తేడా చూపిస్తుంది కాబట్టి కెమెరాయే రాళ్ళ అంచులను గుర్తుపట్టి తానెక్కడుందో లెక్కగట్టుకోవాలి. కానీ నాలుగు తోరణాలూ ఒకేలా ఉంటాయి! తూర్పున నిలబడితే ఫోన్ దక్షిణం అనుకునేది. దిక్సూచినీ, కింద పడి ఉన్న శిల్పాల అమరికనూ కలిపి చూసే పద్ధతి తయారుచేశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా గుడి పక్కకు జరగలేదు. ఈ పని గురించి నాకు గర్వంగానే ఉంది.

కోర్స్‌వర్క్, సెమినార్లు, కాపీ తనిఖీ, వైవా ఇబ్బంది లేకుండా అయిపోయాయి. అసలు కష్టం ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనలో వచ్చింది.

టేబుల్ దగ్గరున్న పెద్దమనిషి థీసిస్ పేరులో ‘వరంగల్ కోట’ చూసి ఆగిపోయాడు. “ఏందమ్మా ఇది, హిస్టరీ గదా? ఇక్కడికెందుకొచ్చినవ్?” అన్నాడు. డిగ్రీ మీద కంప్యూటర్ సైన్స్ అనే ఉంది సార్ అన్నాను. “ఫోన్ల గుడి చూపిస్తే పీహెచ్‌డీ ఇస్తున్నరా ఇప్పుడు?” అని పక్కాయనతో గట్టిగా నవ్వాడు. వెనక వరుసలో అభ్యర్థులున్నారు, అందులో నేను పాఠం చెప్పిన అమ్మాయి కూడా ఉంది. లోపల ఒక్క పేజీ తిప్పి చూడండి సార్ అని బతిమాలాను. చూడలేదు. ‘సంబంధిత సబ్జెక్టు కాదు’ అని ఎర్ర ఇంకుతో రాసి ఫైలు నా ముందుకు తోశాడు. నా ఏళ్ళ కష్టాన్ని అట్ట మీది పేరు చూసి కొట్టేశారు. ఆ నవ్వును నేను క్షమించలేదు.

అభ్యంతరాలకు గడువు ఉంది. నా పరిశోధన కంప్యూటర్ సైన్సేనని లెటర్ ఇవ్వమని నేను చదివిన చోట అడిగితే, ‘అలాంటి ఫార్మాట్ మా దగ్గర లేదు’ అన్నారు. ఆ సెక్షన్‌లో నోటిమాటకు విలువ లేదు, ఏదైనా కాగితం మీద ఇచ్చి, అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. చివరికి లెటర్ నేనే డ్రాఫ్ట్ చేశాను. యూజీసీ 2018 నిబంధనల్లో పీజీ విషయంలో సంబంధిత సబ్జెక్టుతో పాటు ‘అలైడ్’ (దగ్గరి సంబంధం ఉన్న) అన్న మాట కూడా ఉంది, దాన్ని ఎత్తి రాశాను. కోర్స్‌వర్క్ మెమో, పేపర్ల మొదటి పేజీలు, థీసిస్ దిద్దిన పరీక్షకుల వివరాలు జతచేశాను. వాళ్ళంతా కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్లే. హెడ్ మేడమ్ చదివి అప్పటికప్పుడు సంతకం పెట్టారు. ఆమెకు రుణపడి ఉంటాను.

2020 జాతీయ విద్యా విధానం సబ్జెక్టుల మధ్య గోడలు వద్దంటుంది. మీటింగుల్లో అందరూ అదే చెబుతారు. పరిశీలన టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళకు కూడా అది చెప్పాలి కదా? అప్పటిదాకా మీరు థీసిస్ పేరులో ముందు పద్ధతి పేరు పెట్టండి, ఊరి పేరు తర్వాత రానివ్వండి. వైవా అయిన వారంలోనే ఆ లెటర్ తీసుకోండి, హెడ్ మారితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక ఇంటర్వ్యూ. లోపలికి ఫోన్ తీసుకెళ్ళనిస్తారో లేదో రేపు కనుక్కోవాలి. కుదరదంటే కోటలో తీసిన వీడియోను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తాను.