ఫిషర్‌కి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

కాస్త రక్తం, మంట కనిపిస్తే చాలు, మన దగ్గర అందరూ పైల్స్ అనేస్తారు. ఫిషర్ వేరు. మలద్వారం దగ్గర చర్మం చీలుతుంది, విరేచనానికి వెళ్తే గాజుపెంకుతో కోసినట్టు ఉంటుంది, ఆ నొప్పి గంటల తరబడి వదలదు.

బస్టాండ్ గోడల మీద "మొలలు, ఫిషర్, ఆపరేషన్ లేకుండా గ్యారంటీ" అని రాసుంటుంది చూశారుగా, అటు మాత్రం వెళ్లకండి. చూపించాల్సింది ఎం.ఎస్. చేసిన జనరల్ సర్జన్‌కి, దొరికితే కొలొరెక్టల్ సర్జన్‌కి, అంటే పెద్దపేగు, మలద్వారం సమస్యలు చూసే సర్జన్‌కి.

నేను మొదట వెళ్లిన చోట పరీక్ష కూడా చేయకుండానే లేజర్ ప్యాకేజీ రేటు చెప్పారు! తర్వాత ఇంకో సర్జన్ పక్కకి తిరిగి పడుకోమని, మెల్లగా చర్మం విడదీసి చూసి, "ఇప్పుడు వేలు పెట్టి చూడనులెండి, నొప్పెడుతుంది" అన్నారు, అక్కడే నాకు టెన్షన్ సగం తగ్గింది. మలద్వారం కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్, ఇసబ్‌గోల్, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం, అంతే రాశారు. కొత్త చీలికలు చాలావరకు వీటితోనే మానతాయి.

6 నుంచి 8 వారాలు దాటినా తగ్గకపోతే అప్పుడు బొటాక్స్ (అదే కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్), ఆపరేషన్ మాట వస్తుంది. ఆపరేషన్‌లో మలద్వారం లోపలి కండరాన్ని కొద్దిగా కోస్తారు, కొందరికి తర్వాత గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది, సిగ్గుపడకుండా అది ముందే అడగండి.