కెప్టెన్ గారి పొద్దుటి వెదర్

వర్దింగ్‌లో నా ఏడున్నర కాల్ ఒక రిటైర్డ్ పైలట్ గారిది, కాల్ అంటే ఫోన్ కాదండోయ్, కేర్ పనిలో ఇంటికెళ్లి చేసే విజిట్‌ని అలాగే అంటారు. నేనేమో ఖమ్మంలో బీఫార్మసీ చదివి 2022లో కేర్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి పడ్డవాణ్ణి, విమానం అంటే శంషాబాద్‌లో ఎక్కి కళ్లు గట్టిగా మూసుకోవడమే తెలుసు.

ఆయనకి 81. బోయింగ్ 747లు నడిపారు, రిటైరయ్యాక కూడా పక్కనే షోరమ్ అనే ఊరి చిన్న ఎయిర్‌పోర్ట్‌లో సెస్నా, అంటే బుల్లి విమానం, ఎగరేసేవారట. మాక్యులార్ డీజనరేషన్ అనే కంటిజబ్బు వచ్చి పైలట్‌కి ఉండాల్సిన మెడికల్ సర్టిఫికెట్ పోయింది, తర్వాత 20 మీటర్ల దూరంలో నంబర్ ప్లేట్ కనబడక కారు లైసెన్స్ కూడా ఇచ్చేశారు. ఈ జబ్బులో చూపు మధ్యలో పోయి అంచుల్లో మిగులుతుంది, అందుకని మనల్ని చూడాలంటే మొహం పక్కకి తిప్పుతారు, మొదట్లో నా మీద కోపమేమో అనుకున్నా.

నిజంగా కోపం తెప్పించింది మాత్రం నేనే. హుషారుగా ఉంటుందని టీవీలో కాక్‌పిట్ వీడియోలు పెట్టా, రెండు నిమిషాలు సౌండ్ విని "ఆపెయ్" అన్నారు, ఆ రోజు ట్యాబ్లెట్లు కూడా వేసుకోలేదు.

తర్వాత ఒకరోజు ఆయనే షోరమ్ మెటార్ చదవమన్నారు. మెటార్ అంటే ఎయిర్‌పోర్ట్ వాతావరణం రిపోర్టు. 22012కేటీ, 9999, క్యూ1016 అని కరెంటు బిల్లు నంబర్లలా చదివేశా. "220 డిగ్రీల నుంచి గాలి, 12 నాట్ల వేగం, పది కిలోమీటర్లు ఆపైన కనిపిస్తుంది, ప్రెషర్ 1016. అయితే రన్‌వే ఏది?" నాకేం తెలుసు! "20, అంటే 200 డిగ్రీల వైపుది. ఎప్పుడూ గాలికి ఎదురుగానే." అప్పట్నుంచి రోజూ ముందు వెదర్, తర్వాతే ట్యాబ్లెట్లు, అవి కూడా చెక్‌లిస్ట్ పద్ధతిలో, నేను పేరు చదవాలి, ఆయన మింగి "చెక్" అనాలి. అరగంట కాల్‌లో పది నిమిషాలు దీనికే పోతాయి, తర్వాతి ఇంటికి లేటు, దారిలో పోయే టైముకి మా వాళ్లు ఎలాగూ జీతం ఇవ్వరు.

మొన్న నాకు డ్యూటీ లేని ఆదివారం వాళ్లమ్మాయి కార్లో ముగ్గురం షోరమ్ వెళ్లాం, 1936 నాటి తెల్ల టెర్మినల్ బయట కూర్చుని టీ తాగుతుంటే ఇంజిన్ చప్పుడు విని "ఎత్తులో ఉన్నాడు, ఎగిరిపడతాడు చూడు" అన్నారు, నిజంగానే ఆ సెస్నా బంతిలా రెండుసార్లు ఎగిరి దిగింది, ఆయన నవ్వడం అప్పుడే చూశా. ఆ ఊపులో వాళ్లమ్మాయి, ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక రౌండ్ వెళ్తావా డాడ్ అంది. "పాసింజర్‌గానా?" అని కప్పు పక్కన పెట్టేశారు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న బయట పాలు పోసినట్టు పొగమంచు. విజిబిలిటీ 0200, అంటే 200 మీటర్లే, ఎఫ్‌జీ, అంటే ఫాగ్, అని చదివా.

"అయితే ఇవాళ ఎవడూ ఎగరడన్నమాట" అని టోస్ట్ ఇంకోటి అడిగారు.