అమృత్‌సర్: చెప్పుల టోకెన్ నుంచి లంగర్ దాకా

హైదరాబాద్ వైపు నుంచి అమృత్‌సర్‌కు ఢిల్లీ మీదుగా వెళ్లడమే చాలామందికి అలవాటు. మేం మాత్రం నాందేడ్‌లో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన ఊరు నాందేడ్. సిక్కుల ఐదు తఖ్తుల్లో (మతాధికార పీఠాల్లో) ఒకటి అక్కడుంటే, మరొకటైన అకాల్ తఖ్త్ అమృత్‌సర్‌లో ఉంది. విశాఖ వాళ్లకైతే హిరాకుడ్ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచుకు బళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. తిరుగు ప్రయాణంలో విమానమో మరో రైలో అందుకోవాలంటే మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి.

టౌన్ హాల్ దగ్గర ఆటో దిగి, అక్కణ్ణుంచి నడవాలి. స్వర్ణ దేవాలయానికి నాలుగు వైపులా దారులున్నాయి, చెప్పులు పెట్టే జోడా ఘర్‌లూ ఒకటి కంటే ఎక్కువే. ఒకవైపు లోపలికెళ్లి మరోవైపు బయటపడితే టోకెన్ చేతిలో పట్టుకుని ఉత్త కాళ్లతో రోడ్డు మీద తిరగాల్సిందే. అందుకే ఏ ద్వారమో గుర్తుపెట్టుకోండి. సాక్సులూ విప్పాలి. తలకు టోపీ పనికిరాదు, గుడ్డే కట్టుకోవాలి. ద్వారం దగ్గర ఉచితంగా ఇచ్చే కాషాయం రుమాలు నున్నగా జారిపోతుంది. ఇంటి నుంచి నూలు కండువా తెచ్చుకుంటే హాయి. గడప ముందు పారే నీళ్లలో కాళ్లు తడిపి, మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. గుడికి మెట్లు ఎక్కడం అలవాటైన మనకు ఇది కొత్తగా ఉంటుంది.

సరస్సు చుట్టూ ఉన్న పాలరాతి బాటలో ఎడమకు తిరిగి ప్రదక్షిణంగా నడవాలి. గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేస్తే నీలి దుస్తుల సేవాదారు ఈటె పట్టుకుని వచ్చి లేపుతాడు. చలికాలం వేకువన ఆ రాయి అరికాళ్లను కొరికేస్తుంది, ఎండాకాలం మధ్యాహ్నం కాల్చేస్తుంది. పరిచిన పట్టాల మీదే నడవండి.

గుడిలోకి వెళ్లే వంతెన దాదాపు 60 మీటర్లే గానీ, శని ఆదివారాల్లో దాని మీద గంటలు పడుతుంది. ప్రత్యేక దర్శనం టికెట్ లాంటిది లేదు. క్యూ తగ్గాలంటే రాత్రి బాగా పొద్దుపోయాకో, తెల్లవారకముందో వెళ్లడమే మార్గం. రాత్రి సిక్కుల పవిత్ర గ్రంథమైన గ్రంథ్ సాహిబ్‌ను పల్లకిలో అకాల్ తఖ్త్‌కు చేరుస్తారు, వేకువన తిరిగి గుడికి తెస్తారు. వేళలు కాలాన్ని బట్టి మారతాయి కనుక ముందురోజే సేవాదారుల్ని అడగండి. లోపల విగ్రహం ఉండదు. గ్రంథమే అక్కడ కొలువు, 1604లో గురు అర్జన్ దాన్ని తొలిసారి ప్రతిష్ఠించారు. కింద జనం తోసుకుంటున్నా పై అంతస్తులో చోటు దొరికితే కూర్చుని కీర్తన వినవచ్చు. చాలామంది పైకి మెట్లున్నాయని తెలియకుండానే తిరిగొచ్చేస్తారు. లోపల ఫోటోలు తీయకూడదు. ప్రసాదం గోధుమపిండి, నెయ్యి, పంచదార సమపాళ్లలో చేసిన హల్వా, నెయ్యి చేతికి కారుతుంది.

అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్ రాత్రింబవళ్లు నడుస్తుంది. పళ్లెం, గిన్నె, చెంచా తీసుకుని బయట నిలబడితే ఒక పంక్తి లేవగానే నేల కడిగి తర్వాతి వాళ్లను కూర్చోబెడతారు. రొట్టెను పళ్లెంలో వేయరు, రెండు చేతులూ చాచి అందుకోవాలి. ఒక చెయ్యి చాపితే వడ్డించేవాళ్లు ఆగి చూస్తారు. పప్పు, కూర, ఖీరు ఎన్నిసార్లైనా అడగవచ్చు, వదిలేయడమే తప్పు. తినేశాక గిన్నెలు కడిగే తొట్ల దగ్గర ఎవరైనా చేరిపోవచ్చు, అడగక్కర్లేదు.

జలియన్‌వాలా బాగ్ అయిదు నిమిషాల నడక. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ తెచ్చిన మరతుపాకుల బళ్లు లోపలికి దారితీసే సందు ఇరుకు వల్లే లోపలికి రాలేదు. అయినా 1650 తూటాలు పేలాయి. ఇప్పుడా సందు గోడలకు శిల్పాలు అమర్చారు. గోడలు ఉత్తగా ఉంటేనే ఆ ఇరుకు బాగా తెలిసేదని నాకనిపించింది. టౌన్ హాల్‌లోని దేశ విభజన మ్యూజియానికి సోమవారం సెలవు.

కొనడానికి అమృత్‌సరీ వడియాలు బాగుంటాయి, మినప్పప్పుతో, దండిగా మిరియాలతో చేస్తారు. మన వడియాల్లా వేయించి నంజుకుంటే మాత్రం ఘాటుకు దిమ్మ తిరుగుతుంది. చితక్కొట్టి, నూనెలో తిప్పి, బంగాళాదుంప కూరలో వేసి ఉడికించాలి. నలుగురికి ఒకటి చాలు.